రొయ్యకు నిషేధం, మనిషికి ధారాళం

ఎగుమతి రొయ్యల చెరువుల్లో వాడకూడని మందుల పట్టికలో ఫ్లోరోక్వినోలోన్లనే యాంటీబయాటిక్ జాతి ఉంది. కుష్ఠుకిచ్చే డాప్సోన్ కూడా ఉంది. భీమవరం నుంచి అమలాపురం దాకా ఆక్వా రైతులకు ఇది కొత్త సంగతి కాదు. ఆ చెరువు గట్టు దిగి ఊళ్లోకి వస్తే మాత్రం అదే జాతి ఓఫ్లాక్సాసిన్‌ను విరేచనాలకని, దగ్గుకని చీటీ అడక్కుండానే నాలుగు మాత్రలు కత్తిరించి చేతిలో పెడుతున్నారు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదనే షెడ్యూల్ హెచ్ హెచ్చరిక అట్ట మీదే ఉంటుంది. రొయ్యకు కూడని మందు మనిషికి ఎలా కూడింది?

ఆ మాత్ర కుష్ఠు మీద పనిచేస్తుందని తేల్చడానికి ఎంత కాలం పట్టిందో అమ్మేవారికి తెలుసా? కుష్ఠు క్రిమి గాజుపాత్రలో పెరగదు. 1960లో షెపర్డ్ అనే అమెరికా శాస్త్రవేత్త దాన్ని చిట్టెలుక అరికాల్లో పెంచి చూపాకే మందుల పరీక్షకు దారి దొరికింది. పాదం ఒంటికన్నా చల్లగా ఉండడమే అందులోని కిటుకు. రోగి చర్మపు ముక్కను మంచులో పెట్టి తెచ్చి, నూరి, లెక్కగట్టి, ఒక్కో పాదంలోకి 5,000 నుంచి 10,000 క్రిములు ఎక్కిస్తారు. కొన్ని ఎలుకలకు మందును మేతలో కలుపుతారు, లేదా సన్నని గొట్టంతో కడుపులోకి వదులుతారు. పోల్చి చూడడానికి కొన్నింటికి ఏమీ ఇవ్వరు. ఎలుక ఒంట్లో మందు త్వరగా ఖర్చవుతుంది కనుక కిలో బరువుకు మనిషికన్నా ఎక్కువ మోతాదు కావాలి. క్రిమి రెట్టింపు కావడానికే సుమారు 14 రోజులు. 6 నుంచి 8 నెలలు ఆగితేగాని లెక్క పది లక్షలకు చేరదు. చచ్చిన క్రిమీ రంగు పట్టి సూక్ష్మదర్శినిలో కనబడుతుంది. మందు చంపిందా, పెరక్కుండా ఆపిందా అన్నది తేలాలంటే 5,000, 500, 50, 5 చొప్పున వేర్వేరు గుంపులకు ఎక్కించి, మందిచ్చి ఆపి, ఏడాది కాచుకుని, ఏ గుంపులో క్రిమి మళ్లీ పెరిగిందో చూడాలి. నమూనా దారిలో వేడెక్కిందా, మందివ్వని ఎలుకల్లోనూ క్రిమి మొలవదు. అంతా గోదాట్లో కలిసినట్టే.

ఇంత తతంగంలో నిగ్గుతేలినవి ఓఫ్లాక్సాసిన్, మినోసైక్లిన్, క్లారిత్రోమైసిన్. కుష్ఠుకు ప్రధాన మందైన రిఫాంపిసిన్‌కు క్రిమి లొంగని రోగికి, క్లోఫాజిమిన్ అనే మరో కుష్ఠు మందుతో కలిపి ఇవ్వడానికి దాచుకోవలసిన మందులివి.

పీహెచ్‌సీ దూరమని, రాత్రివేళ ఆర్‌ఎంపీయే దిక్కని అంటారు. నిజమే. అయితే విరేచనాలకు ముందు కావలసింది ఓఆర్ఎస్, ఓఫ్లాక్సాసిన్ కాదు. కుష్ఠు బయటపడడానికి సగటున ఐదేళ్లు పడుతుంది. ఆ ఐదేళ్లలో మింగే ఒక్కో ఓఫ్లాక్సాసిన్ కోర్సు ఒంట్లో దాగిన క్రిమికి ఒంటరి మందే అవుతుంది. ఒంటరి మందు ఏం చేస్తుందో, ఒంటరిగా ఇచ్చిన డాప్సోన్ చూపింది. దానికి లొంగని క్రిమి ఉందని 1964లో ఎలుక పాదమే రుజువు చేసింది. 1981లో రెండు మూడు మందులు కలిపి ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది అందుకే. ఓఫ్లాక్సాసిన్‌కు లొంగని కుష్ఠు క్రిమి మన దేశంలోనూ దొరికింది.

2005లో కుష్ఠు నిర్మూలన అయిపోయిందని చాటుకున్నాం. అది పదివేల మందిలో ఒకరికన్నా తక్కువన్న లెక్క మాత్రమే, రోగం లేదని కాదు. స్పర్శ తెలియని మచ్చకు తామర మందు రాసుకుంటూ తిరిగే కూలీలు ఈ డెల్టాలో ఇంకా ఉన్నారు.

అవశేషాలున్నాయని ఒక్క కంటైనర్ వెనక్కొస్తే అధికారులు చెరువు చెరువుకూ పరుగెడతారు. నమూనాలు తీస్తారు, కేసులు పెడతారు. అక్కడ పోయేది డాలర్లు మరి. మందుల షాపు బిల్లు పుస్తకం తెరిపించడానికి ఆ పరుగేదీ? చీటీ లేని ఓఫ్లాక్సాసిన్ అమ్మకాల లెక్కను డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు మండలాలవారీగా ప్రజల ముందు పెట్టాలి. రొయ్య పాటి విలువైనా మనిషికి లేదనుకుంటే, ఆ మాటే బయటికి చెప్పండి.