ఆ నాలుగు ఆస్కార్లు ఫోనుతో రాలేదు

కడపలో షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "షాన్ బేకర్ ఫోనుతో సినిమా తీసి ఒకే రాత్రి నాలుగు ఆస్కార్లు కొట్టాడు. సినిమా చదువు లేదు, స్క్రిప్టు లేదు, చేతిలో పైసా లేదు. నీ జేబులో ఫోను లేదా? రేపే ఉద్యోగం మానెయ్." ఇది చదివి నిజంగానే ఉద్యోగం వదిలేద్దామనుకుంటున్న పిల్లలు నాకు తెలుసు. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు చెప్తున్నా.

నాలుగు ఆస్కార్లు వచ్చిన మాట నిజం. 2025 మార్చిలో ఉత్తమ చిత్రం, దర్శకత్వం, ఒరిజినల్ స్క్రీన్‌ప్లే, ఎడిటింగ్. అవన్నీ ఈ అమెరికా దర్శకుడి 'అనోరా' సినిమాకి వచ్చాయి. దాన్ని 35 ఎంఎం ఫిల్ము మీద, అంటే పాతకాలం రీలు మీద తీశారు. ఫోనుతో తీసింది 2015 నాటి 'టాంజరిన్'. దానికి ఆస్కార్ నామినేషన్ కూడా రాలేదు. దాదాపు పదేళ్ల తేడా ఉన్న రెండు సినిమాల్ని మెసేజ్ రాసినాయన ఒకటి చేసేశాడు.

ఇక ఆ ఫోను. ఐఫోన్ 5ఎస్సే. కానీ దానికి బొమ్మ సినిమా తెరలా వెడల్పుగా వచ్చే అనమార్ఫిక్ అడాప్టర్ లెన్సు బిగించారు, షాట్ వణక్కుండా స్టెడీకామ్ లాంటి పరికరం వాడారు, ఫోకస్, ఎక్స్‌పోజర్ చేతిలో ఉంచుకోడానికి వేరే యాప్ పెట్టుకున్నారు. మాటల్ని మాత్రం ఫోనుకి వదల్లేదు. సౌండ్ విడిగా, మంచి మైకులతో రికార్డు చేశారు. మనవాళ్లు దెబ్బ తినేది సరిగ్గా ఇక్కడే. గండికోటకి వెళ్తారు. పెన్నా లోయ అంచున హీరోని నిలబెడతారు. విజువల్ అదిరిపోతుంది. తీరా ఎడిటింగ్‌కి కూర్చుంటే డైలాగు ఉండదు, గాలి హోరే ఉంటుంది. పోనీ డబ్బింగ్ చెప్పిద్దామంటే, ఎండలో ఆ బండల మీద నిలబడి అరిచిన గొంతు నాలుగు గోడల మధ్య మళ్లీ రాదు. బొమ్మ కాస్త మసగ్గా ఉంటే జనం ఓర్చుకుంటారు. మాట వినబడకపోతే లేచిపోతారు. దయచేసి, చేతిలో ఉన్న డబ్బుతో ముందు ఒక కాలర్ మైకు, గాలి కొట్టకుండా దానికో తొడుగు కొనండి. కొత్త ఫోను తర్వాత.

చదువు లేదన్నది పచ్చి అబద్ధం. బేకర్ న్యూయార్క్ యూనివర్సిటీలో చదివాడు. టాంజరిన్ ఆయనకి ఐదో సినిమా. మన తాడిపత్రి వైపు నుంచి వెళ్లిన 'మాయాబజార్' దర్శకుడు కె.వి.రెడ్డి గారు కూడా వాహిని సినిమా సంస్థలో ప్రొడక్షన్ మేనేజరుగా పనిచేశాకే దర్శకుడయ్యారు.

స్క్రిప్టు లేదన్న మాట దగ్గర నాకు కోపమే వచ్చింది. ఆ నాలుగు ఆస్కార్లలో ఒకటి స్క్రిప్టుకే కదా! టాంజరిన్ అయినా లాస్ ఏంజెలిస్‌లో బేకర్ ఇంటికి దగ్గర్లోని ఒక కూడలి మీద పుట్టిన కథ. అక్కడి ట్రాన్స్ మహిళలతో పరిచయం చేసుకుని, నెలల తరబడి వాళ్లు చెప్పింది విని, క్రిస్ బెర్గాక్‌తో కలిసి రాశాడు. మన కడప ఏడురోడ్ల కూడలి దగ్గర ఒక్క పూట కూర్చుని వినేదెవరు? అదేమీ లేకుండానే సుమోలు, కొడవళ్లు రాసేస్తున్నారు. సీమ యాస కూడా సినిమాల్లో విన్నదే దించుతున్నారు. ఇంట్లో అమ్మ మాట్లాడే మాట ఒక్కటీ ఆ కాగితంలో కనబడదు.

డబ్బు సంగతీ చెప్పాలి. టాంజరిన్‌కి దాదాపు లక్ష డాలర్లు, అనోరాకి దాదాపు 60 లక్షల డాలర్లు అయ్యాయి. పైసా లేకుండా తీసినవి కావివి.

చివరిది, ఉద్యోగం మానెయ్యమన్న సలహా. ఆస్కార్లకు కొద్ది రోజుల ముందు, 2025 ఫిబ్రవరిలో, చిన్న బడ్జెట్ స్వతంత్ర సినిమాలకిచ్చే ఇండిపెండెంట్ స్పిరిట్ అవార్డుల వేదిక మీద బేకర్ మాట్లాడింది దీని గురించే. ఒక్కో సినిమాకి మూడేళ్లు పడుతుందని, అన్నాళ్లూ ఆదాయం లేకుండా బతకడం తనలాంటి దర్శకులకి ఎంత కష్టమో చెప్పాడు. అప్పటికే కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో అన్నిటికన్నా పెద్ద బహుమతి పామ్ డోర్ గెలిచిన మనిషి పరిస్థితి అది. కాబట్టి తమ్ముళ్లూ, నెల జీతం వస్తుంటే దాన్ని వదలొద్దు. రాత్రిళ్లు రాయండి, ఆదివారాలు తీయండి. కెమెరా కోసం ఇంట్లో బంగారం కుదువ పెట్టొద్దు. ఆ మెసేజ్ మీకు పంపినవాళ్లకి ఇది కూడా పంపండి.