పోటీదారును కొనేస్తే కస్టమర్‌కు మిగిలేదేమిటి?

ఒక కంపెనీ తన పోటీదారును కొంటోందని వార్త రాగానే అందరూ రేట్లు పెరుగుతాయా అనే అడుగుతారు. పెరగొచ్చు, పెరగకపోవచ్చు. కానీ నష్టం ముందుగా కనిపించేది బిల్లులో కాదు. ఒకే పని చేసే రెండు ప్రోడక్టులు ఒకే యజమాని చేతికొస్తే, రెండిటి మీదా డబ్బు పెట్టి వాటికి పోటీ పెట్టాల్సిన అవసరం ఆ యజమానికి ఉండదు. ఒకటి ఎదగడం ఆగిపోతుంది.

ఫ్రీహ్యాండ్‌కు అదే జరిగింది. డిజైనర్లు బొమ్మలు గీసుకునే ఈ సాఫ్ట్‌వేర్, అడోబీ వారి ఇలస్ట్రేటర్‌కు ఒకప్పుడు గట్టి పోటీ. 1994లో అడోబీ, ఆల్డస్ కంపెనీని కలుపుకుంటున్నప్పుడు మార్కెట్లో పోటీ దెబ్బతినకుండా చూసే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక షరతు పెట్టింది: ఆల్డస్ అమ్ముతున్న ఫ్రీహ్యాండ్‌ను దాన్ని తయారుచేసిన ఆల్ట్‌సిస్‌కే తిరిగి ఇచ్చేయాలి. తర్వాత ఆల్ట్‌సిస్‌ను మాక్రోమీడియా కొంది. 2005లో ఆ మాక్రోమీడియానే అడోబీ కొనేసింది. అప్పుడు వద్దన్న ప్రోడక్టు పదకొండేళ్లకు అదే కంపెనీకి చేరింది! 2007లో ఇక కొత్త వెర్షన్లు రావని అడోబీ చెప్పేసింది, ఇలస్ట్రేటర్‌కు మారమని సలహా కూడా ఇచ్చింది. వాడకందార్లు 2011లో కోర్టుకెళ్లారు, రాజీ కుదిరింది, ఫ్రీహ్యాండ్ మాత్రం తిరిగి రాలేదు.

చేయి అలవాటైన పద్ధతి, ఏళ్ల తరబడి దాచుకున్న ఫైళ్లు, నేర్చుకోవడానికి పెట్టిన సమయం: ఇవేవీ డీల్ కాగితాల్లో ఉండవు. 2013లో అడోబీ, సాఫ్ట్‌వేర్‌ను ఒకేసారి కొనుక్కునే పద్ధతికి స్వస్తి చెప్పి చందా పద్ధతికి మారినప్పుడు చాలామంది గొణిగారు. వెళ్లడానికి ఇంకో దారి ఉండుంటే గొణుగుడుతో సరిపెట్టుకునేవారా?

అన్ని కొనుగోళ్లూ ఇలాగే ఉండవు. మునిగిపోతున్న కంపెనీని పోటీదారే కొని నిలబెట్టిన సందర్భాలూ ఉంటాయి. పెద్ద కంపెనీ కొంటుందన్న ఆశ లేకపోతే స్టార్టప్‌లలో డబ్బెవరు పెడతారనే వాదనా ఉంది. దీన్ని పూర్తిగా కొట్టిపారేయలేం గానీ, అవసరానికి మించి వాడుతున్నారనిపిస్తుంది. 2022లో అడోబీ, యాప్‌లూ వెబ్‌సైట్లూ డిజైన్ చేసుకునే సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఫిగ్మాను 2,000 కోట్ల డాలర్లకు కొంటామంది. యూరప్, బ్రిటన్ నియంత్రణ సంస్థలు అభ్యంతరం చెప్పడంతో 2023 డిసెంబరులో డీల్ రద్దయింది, అడోబీ 100 కోట్ల డాలర్ల పరిహారం కట్టింది. ఫిగ్మా మూతపడలేదు. 2025 జూలైలో సొంతంగానే న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో లిస్ట్ అయింది. పెట్టుబడి పెట్టినవాళ్లకు దారి దొరికింది, డిజైనర్లకు రెండో కంపెనీ మిగిలింది.