లాగడం మన వంతు, ఆగడం దైవాధీనం

మా బావ మీద ఈమధ్య చాలా అపవాదులు వచ్చాయి. డాలస్ నుంచి శాండియాగోకి పాత పికప్ ట్రక్కు వెనక ట్రైలర్ తగిలించుకుని, ఏ ఏర్పాటూ లేకుండా బయల్దేరాడని బంధువర్గంలో ప్రచారం జరుగుతోంది. ఇది పచ్చి అబద్ధం. ఏర్పాట్లు మూడు వారాలు జరిగాయి. నేను దగ్గరుండి చూశాను, మధ్యమధ్యలో టార్చిలైటు కూడా పట్టుకున్నాను. కాబట్టి నిజానిజాలు ప్రజల ముందు పెట్టడం నా బాధ్యత.

బండి 1997 మోడల్. 5.7 లీటర్ల వీ8 ఇంజను, నాలుగు గేర్ల ఆటోమేటిక్, మీటరు మీద 1,98,000 మైళ్ళు. వెనక చక్రాలే తోస్తాయి. ముందు చక్రాలు దారి చూపిస్తాయంతే, మా ఇంట్లో మగాళ్ళలాగా. టెక్సాస్‌లో పన్నెండేళ్ళు ఉండి ట్రక్కు లేకుండా వెళ్ళిపోతే నలుగురూ ఏమనుకుంటారని, ఊరు విడిచే నెలరోజుల ముందు పక్కవీధి పెద్దాయన దగ్గర కొన్నాడు. రెండు ఇరుసుల మూసిన ట్రైలర్ కూడా ఆయనదే.

ఆ పెద్దాయన ఒకే ఒక అంకె చెప్పాడు. "7,000 పౌండ్లు లాగుతుంది." బావకి ఆ అంకె ఎంత నచ్చిందంటే, ఇంకో అంకె వినే ఓపిక లేకపోయింది. నిజానికి ఇప్పుడు లాగే శక్తిని కొలవడానికి జె2807 అని ఒక పరీక్ష ఉంది. అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర 11 మైళ్ళ పైచిలుకు ఎత్తు రోడ్డుని, 100 డిగ్రీల ఫారన్‌హీట్ ఎండలో, ఏసీ పూర్తిగా తిప్పి, గంటకు 40 మైళ్ళకి తగ్గకుండా ఎక్కాలి. టొయోటా 2011 మోడళ్ళతో దీన్ని మొదలుపెట్టింది, మిగతావాళ్ళు తీరిగ్గా వచ్చారు. మరి 1997లో? ఎవరి పేపరు వాళ్ళే దిద్దుకునేవాళ్ళు. ఇంట్లో కూర్చుని దిద్దుకున్న మార్కుల్ని అనుమానించడం సంస్కారం కాదని బావ అభిప్రాయం.

మా అక్కకి చదివే జబ్బు ఉంది. డ్రైవరు తలుపు తెరిచి, పక్కన అంటించిన స్టిక్కరు చదివింది. బండి, మనుషులు, సామాను, హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద పడే ట్రైలర్ ముక్కు బరువు, అన్నీ కలిపి 6,200 పౌండ్లు దాటకూడదని ఉంది. ఖాళీ బండే 4,600. మిగిలింది 1,600. సామానుతో కలిపి ట్రైలర్ 6,000 తూగితే అందులో నూటికి 10 నుంచి 15 వంతులు హిచ్ మీద పడాలి. మధ్యస్తంగా 750 అనుకుంది. నేను, వాళ్ళబ్బాయి కలిసి నలుగురం 550. ట్రక్కు తొట్టిలో వెట్ గ్రైండరు, రాతి రోలు, సోనామసూరి బస్తాలు, ఇత్తడి సామాను, వెరసి 500.

"1,800 అయింది. 200 ఎక్కువ కదండీ?" అంది.

బావ స్టిక్కరు మీద దుమ్ము తుడిచి చూశాడు. "ఇది 1997 నాటిది. అప్పటి పౌండు వేరు" అన్నాడు. దీనికి ఎవరైనా ఏం జవాబు చెప్పగలరు?

ట్రక్ స్టాపుల్లో కాటా ఉంటుంది. ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్ ఇరుసులు దేనికది తూచి చీటీ చేతిలో పెడతారు. ఒక్కసారి వేయించి రమ్మని అక్క బతిమాలింది. "ఎక్కువుందని తెలిస్తే దింపాలి. తెలియకపోతే దింపే పని లేదు" అన్నాడు బావ. ఈయనే హైదరాబాద్ ప్రయాణం అంటే రాత్రి రెండింటిదాకా మేలుకుని, ఒక్కో సూట్‌కేసునీ బాత్రూం కాటా మీద 23 కిలోలకి తూచి, అరకిలో ఎక్కువైతే గోంగూర సీసా ఇందులోంచి అందులోకి మార్చే మనిషి. విమానంవాళ్ళు డబ్బులడుగుతారు కాబట్టి అక్కడ బరువు నిజం. ఇంటర్‌స్టేట్ మీద అడిగేవాడు లేడు కాబట్టి ఇక్కడ అదొక అభిప్రాయం.

ఇక ఏర్పాట్లు. బంపరు మీద మూరెడు పొడుగు ఎల్ఈడీ లైట్లు బిగించాం. ఏనుగు చెవులంత అద్దాలు పెట్టాం. సీట్లకి కొత్త కవర్లు, టైర్లకి నల్ల పాలిష్, ముందు గ్రిల్లుకి నిమ్మకాయా మిరపకాయలూ. ఆ ట్రైలర్ టైర్లకి పాలిష్ పెడుతున్నప్పుడే పక్కన 3114 అన్న అంకెలు కనిపించాయి. 2014వ సంవత్సరం 31వ వారంలో తయారైందని అర్థం. గీతలు మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి, పెరట్లో పడుంటే ఎందుకు అరుగుతాయి? రబ్బరు నిలబడి ఉన్నా ముసలిదవుతుందని నేననబోయాను. పాలిష్ డబ్బా నా చేతికిచ్చి రెండోవైపు పంపాడు.

బండి కిందికి దూరింది మెకానిక్ ఒక్కడే. ట్రాన్స్‌మిషన్ (గేరుబాక్సు) ఆయిలు కడ్డీ లాగి వాసన చూసి మొహం చిట్లించాడు. ఎర్రగా ఉండాల్సింది గోధుమరంగులో, మాడిన వాసనతో ఉంది. బరువు లాగే ఆటోమేటిక్‌ని చంపేది వేడి. సుమారు 175 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర హాయిగా ఉండే ఆయిలు, ఆపైన ప్రతి 20 డిగ్రీలకీ ఆయుష్షు సగం పోగొట్టుకుంటుందని మెకానిక్‌ల లెక్క. అదనపు కూలరు బిగించమన్నాడు, డిఫరెన్షియల్ (వెనక ఇరుసు గేర్లపెట్టె) ఆయిలు మార్చమన్నాడు. షాఫ్ట్ కీళ్ళు (యూజాయింట్లు) కదిపి చూపించాడు, కుంగిన కమాను కట్టల వైపు వేలు పెట్టాడు, ట్రైలర్ బేరింగులకి గ్రీజు ఎప్పుడు పెట్టారని అడిగాడు. ఈ చివరి ప్రశ్నని బావ వ్యక్తిగతంగా తీసుకున్నాడు. అక్క పోరగా రేడియేటర్ గొట్టాలు, కూలెంటు మాత్రం మార్పించాడు. మిగిలినవన్నీ కింద ఉండేవి. ఫొటోలో పడవు.

బ్రేకుల విషయంలో మాత్రం రాజీ పడలేదు. టెక్సాస్‌లో 4,500 పౌండ్లు దాటిన ట్రైలర్‌కి సొంత బ్రేకులుండాలి. దీనికి కరెంటు బ్రేకులున్నాయి. అవి పనిచేయాలంటే ట్రక్కులో వాటికి కరెంటు పంపే కంట్రోలర్ ఉండాలి, లేకపోతే అలంకారమే. బావ ఆ డబ్బా తెప్పించాడు. డాష్‌బోర్డు కింద కలపాల్సింది నాలుగే వైర్లు. కానీ ఆ శనివారమే ఎల్ఈడీ లైట్లు కూడా వచ్చాయి.

బయల్దేరే ముందు విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టించిన మా పెదనాన్నకి వాట్సాప్‌లో బండి చూపించాం. ఆయన లైట్లని మెచ్చుకోలేదు. "అల్లుడుగారూ, ఏ గేర్లో ఎక్కారో ఆ గేర్లోనే దిగండి. ఘాటు మీద బ్రేకు తొక్కిపెట్టి దిగొద్దు" అని మాత్రం అన్నారు. "పాతకాలం మనిషి, ఆటోమేటిక్ గురించి ఆయనకేం తెలుసు" అని ఫోన్ పెట్టేశాక బావ అన్నాడు.

ఆగస్టులో ఒక సాయంత్రం బయల్దేరాం. వెనక చక్రాల బండికి వెనక బరువు పడితే పట్టు పెరుగుతుందని బావ సిద్ధాంతం. సిద్ధాంతం సరైనదే. కాకపోతే వెనక ఎంత దిగిందో ముందు అంత లేచింది. స్టీరింగు దూదిపింజలా తిరుగుతుంటే "పవర్ స్టీరింగు ఇప్పుడు దారికొచ్చింది" అని సంతోషించాడు. హెడ్‌లైట్లు నక్షత్రాలకేసి చూస్తున్నాయి. ఎదురొచ్చేవాళ్ళు లైట్లు కొట్టి తిడుతుంటే, పాత బండ్లవాళ్ళ మధ్య ఇదొక పలకరింపని చెప్పి తనూ తిరిగి కొట్టాడు, ఆ ఎల్ఈడీలతో.

పొద్దున మిడ్‌ల్యాండ్ హోటల్ దగ్గర వెలుగులో చూస్తే బండి మోకాళ్ళ మీద కూర్చున్నట్టుంది. బరువుని ముందుకి పంచే హిచ్ ఒకటుందని మెకానిక్ ఎప్పుడో చెప్పాడు. బావ దానికంటే చవకైన పద్ధతి కనిపెట్టాడు. ట్రైలర్ ముందున్న పుస్తకాల పెట్టెలు, ట్రెడ్‌మిల్, అన్నీ తోకదాకా మోయించాడు. ట్రక్కు నడుం లేచింది, హెడ్‌లైట్లు నేలకి దిగాయి.

పెకోస్ దగ్గర 80 మైళ్ళ వేగం బోర్డు కనిపించింది. చాలా ట్రైలర్ టైర్ల హద్దు 65. బోర్డుకి గౌరవమిచ్చి బావ 72 దాకా వచ్చాడు. పక్కనుంచి పెద్ద లారీ ఒకటి దాటింది. ముక్కు తేలికై, బరువంతా తోకలో ఉన్న ట్రైలర్ ఒకసారి అటు ఊగింది, ఒకసారి ఇటు, మూడోసారి మమ్మల్ని కూడా తనతో ఊపింది. వెనక సీట్లో మా మేనల్లుడు కంట్రోలర్ డబ్బా పట్టుకుని పైకి చదువుతున్నాడు. "ట్రైలర్ ఊగినప్పుడు ట్రక్కు బ్రేకు తొక్కకూడదు, ఈ మీట చేత్తో నొక్కి ట్రైలర్ బ్రేకులు మాత్రమే వేయాలి." వాడు ఆ వాక్యం పూర్తి చేసేలోపే బావ తొక్కేశాడు. ఎలా ఆగామో నాకు తెలీదు. వ్యాన్ హార్న్‌లో ఎండలో నిలబడి సగం పెట్టెలు మళ్ళీ ముందుకి మోశాం. అక్క ఒక్క మాట మాట్లాడలేదు. ట్రెడ్‌మిల్ వైపు మాత్రం చాలాసేపు చూసింది.

న్యూ మెక్సికో గురించి చెప్పడానికేమీ లేదు, నిద్రపోయాను.

యూమా దాటి కాలిఫోర్నియాలో పడితే ట్రైలర్‌తో 55 మించకూడదు. ఎల్ సెంట్రో ఊరు సముద్రమట్టానికి కింద ఉంటుంది. అక్కణ్ణుంచి కాసేపట్లో ఐ-8 హైవే కొండెక్కి 4,000 అడుగులు దాటుతుంది. ఇంజను వేడెక్కుతుంది, ఏసీ కట్టేయమని రోడ్డు పక్క బోర్డులే చెబుతాయి. ముల్లు ఎర్రగీతకేసి నడుస్తుంటే బావ ఏసీ కట్టేసి హీటరు పూర్తిగా తిప్పాడు. ఇంజను వేడి కొంత బండిలోకి వస్తే రేడియేటర్‌కి సాయం. ఇది నిజంగా పనిచేసే చిట్కా. ఆగస్టు మధ్యాహ్నం, ఎడారి కొండ మీద, మా నలుగురి మీదికీ నిప్పుల గాలి. "కూలరు కొనమంటే డబ్బు దండగన్నారు. ఇప్పుడు మేమే కూలర్లమా?" అంది అక్క.

ఎక్కింది. పొగరు కాదు, నిజంగానే ఎక్కింది, ఆ ఇంజనుకి నా నమస్కారం. అసలు కథ దిగేటప్పుడు. శాండియాగో పక్కనున్న ఎల్ కహోన్ వైపు రోడ్డు మైళ్ళకొద్దీ వాలుతూనే ఉంటుంది. గేరు మీట టాపులో ఉంది, బావ కాలు బ్రేకు మీద. ట్రైలర్ తన వంతుగా వెనకనుంచి తోస్తోంది. అప్పాలు మాడిన వాసన వచ్చింది, తర్వాత పెడల్ మెత్తబడింది. అప్పుడు మీట కిందికి లాగి గేరు దించాడు. ఇంజను అరిచింది, బండి నెమ్మదించింది. ఆల్పైన్ దగ్గర ఎగ్జిట్ తీసుకుని గంటన్నర కూర్చున్నాం. చక్రాలనుంచి పొగ వస్తుంటే, పెదనాన్నకి ఈ సంగతి చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఒట్టు మాట్లాడనని వేశాను, రాయనని కాదు.

పోయిన వారం బావ బండి అమ్మకానికి పెట్టాడు. ప్రకటన నేనే టైపు చేశాను. "1997 మోడల్ పికప్. కుటుంబం వాడిన బండి, టెక్సాస్ నుంచి లోడుతో వచ్చింది. 7,000 పౌండ్లు లాగుతుంది. కొత్త ఎల్ఈడీ లైట్లు. ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్ కూడా ఇస్తాం, సరికొత్తది, సీలు విప్పలేదు."