అందరి బీపీ 110/70

వైద్యశాస్త్రం ఇంతవరకూ గుర్తించని ఒక వింత మన ఏజెన్సీ సబ్‌సెంటర్లలో ఏళ్ల తరబడి నమోదవుతోంది. గర్భిణి ఎవరైనా, మూడో నెలైనా తొమ్మిదో నెలైనా, రెండు కొండలు దిగి వచ్చినా అరుగు మీంచి లేచి వచ్చినా, ఆమె బీపీ 110/70. మరీ ఒకేలా ఉందని పైవాళ్లు కనుబొమలు ఎగరేస్తారనుకుంటే మధ్యలో ఒక 120/80 పడుతుంది. 114/76 లాంటి వంకర అంకె మాత్రం ఏ పేజీలోనూ దొరకదు. అలాంటివి కొలిచినవాళ్లకే వస్తాయి.

కొలవడం ఎంత తలనొప్పో తెలియనివాళ్లే ఇందులో తప్పు పడతారు. ముందు ఆమెను ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టాలి. వీపు కుర్చీకి ఆనాలి, పాదాలు నేల మీద ఉండాలి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి, పట్టీ జాకెట్టు మీద కాకుండా వట్టి చేతికి చుట్టాలి. ఆ పట్టీ కూడా చేతికి తగ్గది కావాలి. బక్కచేతికి పెద్ద పట్టీ చుడితే ఉన్న బీపీ తక్కువగా కనిపిస్తుంది, లావుచేతికి చిన్నది చుడితే లేని బీపీ పుట్టుకొస్తుంది. సబ్‌సెంటర్లో ఉండేది ఒకటే పట్టీ, దాని అంటుకునే పీచు అరిగి రెండేళ్లయి ఉంటుంది. 140/90 వచ్చిందా, మళ్లీ కొలవాలి, మూత్రంలో అల్బుమిన్ చూడాలి, పీహెచ్‌సీకి పంపాలి. ఇన్నిటికీ ముందు మిషన్‌లో నాలుగు పెన్సిల్ సెల్లులుండాలి. సెల్లులు నీరసించాయంటే మిషన్ సగం గాలి ఊది, ఎర్రర్ అని చూపించి, పడుకుంటుంది. 110/70కి సెల్లులతో పని లేదు.

ఇందులో నర్సమ్మను ఆడిపోసుకోవడానికి ఏమీ లేదు. కొండ ప్రాంతంలో మూడు వేల జనాభాకు ఒక సబ్‌సెంటర్ అని నిబంధన. మైదానంలో ఐదు వేలు కాబట్టి కొండవాళ్లకు ఉదారంగా ఇచ్చినట్టే లెక్క. కాకపోతే ఆ మూడు వేల మంది ఒక్కచోట కాకుండా వాగులకు ఇటూ అటూ గూడేల్లో చెదిరి ఉంటారు. ఆమె వాళ్లందరి దగ్గరికీ నడవాలి, టీకాలు వెయ్యాలి, మలేరియా రక్తపు చుక్కలు తియ్యాలి, వచ్చాక రిజిస్టర్లు నింపాలి, నింపినదాన్నే సిగ్నల్ ఉన్న రాయి మీద నిలబడి యాప్‌లో మళ్లీ ఎక్కించాలి. సమీక్ష సమావేశంలో ఖాళీ గడికి మెమో వస్తుంది. 110/70 రాసినందుకు ఇంతవరకూ ఎవరికీ మెమో రాలేదు.

రక్తం లెక్కకు, అంటే హిమోగ్లోబిన్‌కు, ఇంతకన్నా ముందుచూపు కావాలి. పాత సాలీ పద్ధతిలో వేలి నుంచి 20 మైక్రోలీటర్ల రక్తాన్ని సరిగ్గా గీత దాకా పీల్చి, ఆమ్లంలో కలిపి, పది నిమిషాలు ఆగి, చుక్కచుక్కగా డిస్టిల్డ్ వాటర్ పోస్తూ పక్కనున్న గాజు రంగుతో పోల్చుకోవాలి. ఆగకుండా తొందరపడితే రంగు పూర్తిగా రాదు, ఉన్న రక్తం కూడా లేనట్టే తేలుతుంది. వేలు గట్టిగా పిండితే ఒంట్లో నీరు కలిసి ఇంకా పలచబడుతుంది. డిజిటల్ మిషన్ ఈ బాధలన్నీ తీర్చేసింది, స్ట్రిప్పులు ఉన్నంతకాలం. అవి అయిపోయాక కంటిరెప్ప కిందికి లాగి చూసి 9.5 అని రాస్తారు. ఎందుకు 9.5 అంటే, 11 దాటితే రక్తహీనత లేదని అర్థం, అది ఎవరూ నమ్మరు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనులే. పోనీ 7 కంటే తక్కువ రాద్దామంటే ఆమెను పెద్దాసుపత్రికి పంపాలి, బండి పిలవాలి, రక్తం వెతకాలి. 9.5 అయితే అటు రక్తహీనత గుర్తించినట్టూ ఉంటుంది, ఇటు ఎవరూ కదలక్కర్లేదు.

రక్తం తగ్గకుండా అందరికీ ఇచ్చేది రోజుకో ఐరన్ గోళీ. అందులో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం. నాలుగో నెల నుంచి 180 రోజులు, కాన్పయ్యాక ఇంకో 180. సర్కారు లెక్కలో గోళీ చేతికి అందగానే అరిగిపోతుంది. ఇంటి దగ్గర జరిగేది వేరు. వికారం పుడుతుంది, విరేచనం నల్లగా అవుతుంది, బిడ్డ లావైపోయి కాన్పు కష్టమవుతుందని అత్త అంటుంది, గోళీలు చూరులోకి వెళ్తాయి. మింగేవాళ్లకు కూడా కాల్షియం గోళీ అదే చేత్తో ఇస్తారు. రెండూ ఒకేసారి వేసుకుంటే కాల్షియం ఐరన్‌ను ఒంటబట్టనివ్వదు, పైన తాగిన టీ మిగతాది చూసుకుంటుంది. కాల్షియం అన్నం తిన్నాక, ఐరన్ రెండు గంటలు ఎడంగా, నిమ్మకాయ నీళ్లతో అని చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలకు రిజిస్టరులో గడి లేదు.

2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులను డాక్టరే స్వయంగా చూసే పథకం నడుస్తోంది. మంచి పథకం. గూడెం మనిషి కొండ దిగేది మాత్రం సంతకు. సంత వారాన్ని బట్టి వస్తుంది, సర్కారు తేదీని బట్టి వస్తుంది. ఈ రెండూ కలిసే శుభఘడియ కోసం గర్భిణి తొమ్మిది నెలలు ఎదురు చూడవచ్చు.

కాన్పు తేదీ కట్టడం తేలికే, చివరి నెలసరి మొదటి రోజుకు తొమ్మిది నెలల ఏడు రోజులు కలపడమే. ఆ రోజు ఏదమ్మా అంటే జీడిమామిడి పూతకొచ్చినప్పుడు అంటుంది. పూత తేదీ రాసే గడి లేదు కనుక ఏదో ఒక తేదీ పడుతుంది. ఆ తేదీకి వారం పది రోజుల ముందే కొండ దిగి గర్భిణుల వసతి గృహంలో ఉండమంటారు. సాలూరులో పెట్టిన తరహా గృహాల్లో మంచం, భోజనం, నర్సు అన్నీ ఉంటాయి. ఇంటి దగ్గర మూడేళ్ల పెద్దబిడ్డ, నాలుగు మేకలు, ఏరకపోతే రాలి పాడయ్యే జీడిపిక్కలు ఉంటాయి. పిల్లను తోడు తెచ్చుకోవచ్చా, మొగుడి కూలి పోతే ఎవరిస్తారు అన్న ప్రశ్నలకు జవాబుండదు. రాకపోతే 'లబ్ధిదారు సుముఖత చూపలేదు' అన్న వాక్యం తయారుగా ఉంటుంది.

అందుకని నొప్పులు రాత్రి ఇంట్లోనే వస్తాయి. 108 రోడ్డు ఉన్నంతవరకూ వస్తుంది, అక్కడ లైట్లేసుకుని నిలబడుతుంది. మిగతా దారి డోలీది. ఒక గెడ, ఒక దుప్పటి, భుజాలు మార్చుకునే నలుగురు మగవాళ్లు. డీజిల్ అక్కర్లేదు, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అక్కర్లేదు, వాగు పొంగితే తప్ప ఆగదు. డోలీ ఫొటో పేపర్లో పడిన ప్రతిసారీ ఆ గూడేనికి రోడ్డు మంజూరవుతుంది. కొన్ని గూడేలకు ఇలా మూడు నాలుగు రోడ్లు మంజూరై ఉన్నాయి.

పీహెచ్‌సీకి చేరితే కాన్పు చాలాసార్లు దానంతటదే అయిపోతుంది. బిడ్డ బయటపడిన నిమిషంలోపు తల్లి తొడకు 10 యూనిట్ల ఆక్సిటోసిన్ సూది వెయ్యాలి, అప్పుడే గర్భసంచి గట్టిగా ముడుచుకుంటుంది. ఈ మందును 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో దాచాలి. కరెంటు పోయి ఫ్రిజ్ వేడెక్కినా, హడావుడిగా ఉంటుందని ట్రేలో బయటే ఉంచేసినా మందు చచ్చిపోతుంది. యాంప్యూల్ రంగు మారదు, వాసన రాదు, పేరు కూడా ఆక్సిటోసిన్ అనే ఉంటుంది. సూది వేసినట్టు కేస్ షీట్లో పడుతుంది, రక్తం మాత్రం ఆగదు. ఎంత పోయిందో కంటితో చూసి చెబుతారు. గుడ్డలోకి, బల్ల కిందికి, బకెట్లోకి పోయినదాన్ని కంటితో లెక్కగడితే సగానికి సగం తగ్గిపోతుంది, అర లీటరు దాటినా 'మామూలే' అవుతుంది. తల్లి నడుం కింద గీతలు గీసిన ప్లాస్టిక్ సంచి పరిచి కొలిచి, గీత దాటగానే గర్భసంచి మర్దన, ఆక్సిటోసిన్, రక్తం ఆపే ట్రానెక్సామిక్ ఆమ్లం, సెలైన్, గాయాల పరీక్ష ఒక్క ఊపులో చేస్తే ప్రమాదకరమైన రక్తస్రావం 60 శాతం తగ్గిందని కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో చేసిన పరిశోధన 2023లో తేల్చింది. ఒక సంచికి ఇంత మహిమా అని మనవాళ్లు నమ్మలేకపోవచ్చు. సంచి మహిమ కాదు, కొలవడం మహిమ. మనకు నచ్చనిది కూడా అదే.

ఇక రిజిస్టరులో 110/70 ఉన్న మనిషికి ఉన్నట్టుండి కళ్లు మసకబారి, తల పగిలిపోయేలా నొప్పొచ్చి, ఫిట్స్ వస్తాయి. కొలవకుండా వదిలేసిన బీపీ పెరిగి తెచ్చేది ఇదే, పాతవాళ్లు గుర్రపువాతం అన్నదీ దీన్నే. దీనికి మందు మెగ్నీషియం సల్ఫేట్, చవకే. పంపేముందు వెయ్యాల్సిన మొదటి డోసు 10 గ్రాములు, ఒక్కో పిర్రకు 5 గ్రాములు. ఒక్కో యాంప్యూల్లో ఒక గ్రామే ఉంటుంది కనుక పది యాంప్యూల్స్ పగలగొట్టి, ఒక్కో వైపు 10 మిల్లీలీటర్లు ఎక్కించాలి. అంత మందు చూస్తేనే చెయ్యి వణుకుతుంది. ఊపిరి నిమిషానికి 16కు తగ్గకుండా ఉందా, మోకాలి మీద తడితే కాలు ఎగురుతుందా చూసుకుంటూ, విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ పక్కన పెట్టుకుంటే భయపడాల్సిన పని లేదు. ఆ ధైర్యం శిక్షణలో స్లైడు చూస్తే రాదు, కనీసం ఒకసారి పెద్దల ఎదుట వేస్తే వస్తుంది. ధైర్యం లేనిచోట మందు అలమరాలోనే ఉంటుంది, గర్భిణి చేతికి చీటీ వస్తుంది: 'మెరుగైన వైద్యం కోసం'.

ఈ మూడు మాటలకు మించిన మందు మన వైద్యంలో లేదు. ఇక్కడ మత్తు డాక్టరు లేరని పాడేరు, అక్కడ రక్తం లేదని ఘాట్ దిగి విశాఖ. అదే కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రాలో 42.4 శాతం కాన్పులు కోతతోనే అయ్యాయి. పట్నంలో ముహూర్తం చూసి కోసేవాళ్లుండగా, కొండ మీద ప్రాణం నిలబెట్టే కోతకు దిక్కులేదు. సగటు తీసేటప్పుడు ఇద్దరినీ ఒకే గంపలో వేస్తారు కాబట్టి శాతం బాగానే కనిపిస్తుంది.

దారిలో పోతే అది మాతృమరణం. కాన్పయిన 42 రోజుల్లోపు పోయినా అంతే. 2018-20 లెక్కల్లో ప్రాణంతో పుట్టిన లక్ష మంది బిడ్డలకు దేశంలో 97 మంది తల్లులు పోతే, ఆంధ్రాలో 45, తెలంగాణలో 43. ఇంత మంచి అంకెను చెడగొట్టిన మరణం ఎవరి ఖాతాలో పడాలన్నది మొదట తేలాలి. పంపిన చోటిదా, చేరని చోటిదా, 108దా. అది తేలాక కమిటీ కూర్చుంటుంది, రిజిస్టరు తెప్పిస్తుంది. నాలుగు పరీక్షలూ సకాలంలో జరిగాయి, గోళీలు 180 ఇచ్చారు, రక్తం 9.5, బీపీ నాలుగుసార్లూ 110/70. సేవల్లో లోపం లేదు. కుటుంబం ఆలస్యంగా తీసుకొచ్చింది. ఆశా కార్యకర్తలకు ఇంకోసారి అవగాహన శిక్షణ ఇవ్వాలని సిఫార్సు. పెన్సిల్ సెల్లుల ఇండెంటు మాత్రం సంతకం కోసం ఇంకా బల్ల మీదే ఉంది, నాలుగు సెల్లులకు మూడు కొటేషన్లు జతచేయలేదని.