చదరపు అడుగు రేటులో కనిపించని ప్లాన్

ఇల్లు కొనేవాళ్లు ముందుగా చేసే పని, ధరను విస్తీర్ణంతో భాగించి చదరపు అడుగు ఎంత పడుతోందో పక్కింటితో పోల్చడం. చిటికెలో తేలిపోతుంది కాబట్టి నమ్మేస్తాం. ఆ లెక్కకు ఇంటి ప్లాన్‌తో మాత్రం పనే ఉండదు.

1500 చదరపు అడుగుల ఇళ్లు రెండున్నాయనుకుందాం. ఒకదాంట్లో గదులకు వెళ్లడానికి 4 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవున నడవా ఉంది. అంటే 120 చదరపు అడుగులు, ఓ చిన్న బెడ్‌రూమ్ అంత చోటు, అటూ ఇటూ తిరగడానికే పోయింది, దానికీ హాల్‌కి కట్టిన రేటే కట్టాలి. రెండోదాంట్లో నడవా లేదు, తలుపులన్నీ హాల్లోకే తెరుచుకుంటాయి. అది మేలనుకుంటాం గానీ, ఏ గోడ చూసినా తలుపే ఉండి సోఫా ఎక్కడ వేయాలో తోచని హాళ్లు కూడా ఉంటాయండోయ్! ఇక ఒక పడకగదిలోంచి వెళ్తే తప్ప ఇంకోదానికి దారి లేకపోతే, కాగితం మీద మూడు గదులున్నా వాడకానికి వచ్చేది రెండే.

కట్టడానికి ఖర్చు ఎక్కువైంది కాబట్టి విలువా ఎక్కువే అనడం ఇంకో పొరపాటు. 40 అడుగుల చదరంగా కట్టినా, 20 వెడల్పు 80 పొడవుతో కట్టినా విస్తీర్ణం 1600 చదరపు అడుగులే, కానీ బయటి గోడ మొదటిదానికి 160 అడుగులైతే రెండోదానికి 200. ఆ అదనపు గోడ వల్ల గదులకు గాలీ వెలుతురూ వస్తే కొనేవాడు డబ్బిస్తాడు, ఉత్త వంకరలూ మూలలూ వస్తే ఎందుకిస్తాడు?

ఇంటిని మొత్తంగా కాక గుణాల మూటగా చూసి, ఒక్కో గుణానికీ మార్కెట్ లోలోపల ఎంత కడుతోందో తేల్చే పద్ధతి ఉంది. ఆర్థికవేత్త షెర్విన్ రోసెన్ 1974లో దానికి సిద్ధాంతం ఇచ్చారు. మంచి పద్ధతే. కాకపోతే డేటాలో గదుల సంఖ్య, ఇంటి వయసు ఉంటాయి గానీ తలుపు ఎటు ఉందో సాధారణంగా ఉండదు, కాబట్టి ఆ పని మన కళ్లే చేయాలి.

విలువ కట్టేవాళ్లు డిజైన్ లోపాలను రెండు రకాలుగా చూస్తారు. ఖర్చు పెడితే దానికి తగ్గ విలువ తిరిగొచ్చేవి, రానివి. పాత వంటగట్టు మొదటి రకం. తక్కువ ఎత్తు శ్లాబు, ఇరుకు మెట్లు రెండో రకం, వాటి మీదే గట్టిగా బేరమాడాలి. అమ్మేవాళ్లు మాత్రం మనల్ని నేరుగా కొత్త టైల్స్ దగ్గరికే తీసుకెళ్తారు.