క్యూసెక్కులు, టీఎంసీలు తెలిసిన పిల్లలకు కాలిక్యులస్ ఎందుకు రాదు?

ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న మా అన్నయ్య కూతుర్ని ఆ మధ్య అడిగాను, ఎక్స్ స్క్వేర్‌కి అవకలజం (డెరివేటివ్) ఎంతమ్మా అని. "టూ ఎక్స్ బాబాయ్" అంది టక్కున. అంటే ఏమిటి అనేసరికి ఆగిపోయింది. సూత్రాలన్నీ నోటికి వచ్చు. ఆ టూ ఎక్స్ ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం తనకి ఎవరూ చూపించలేదు.

గ్రాఫ్ పేపర్ మీద 10 సెంటీమీటర్ల చదరం గీశాం. పొడవూ వెడల్పూ ఒక్కో మిల్లీమీటరు పెంచాం. వైశాల్యం 100 నుంచి 102.01 అయింది. పెరిగిందల్లా రెండు పక్కలా రెండు సన్నటి పట్టీలు, ఒక్కోటి చదరం భుజమంత, అంటే ఎక్స్ అంత పొడవు, 1 చదరపు సెంటీమీటరు. మూలన ఆవగింజంత గడి, 0.01. పెంపు తగ్గించేకొద్దీ ఆ గడి లెక్కలోకి రాకుండా పోతుంది, పట్టీలు రెండే మిగులుతాయి. "ఈ రెండు పట్టీలేనా టూ ఎక్స్!" అంటూ పెన్సిల్ తీసుకుని మళ్లీ తనే గీసుకుంది.

ఈ పది నిమిషాలు క్లాసులో దొరకడం లేదు. లెక్చరర్లను తప్పు పట్టలేను. ఎప్‌సెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు చేయాలి, అందులో 80 లెక్కలే. షార్ట్‌కట్ రాకపోతే ర్యాంకు పోతుందన్న టెన్షన్ నిజమైనదే. కానీ అర్థం తెలియని సూత్రం పరీక్ష అయ్యాక నిలవదు. ఇంజనీరింగ్‌లో ఫిజిక్స్, సర్క్యూట్లు అన్నీ దాని మీదే నిలబడాలి.

నన్నడిగితే మొదటి వారం సూత్రాలే వద్దు. వరదల కాలం పేపర్ తెస్తే చాలు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే వేగం. అది అవకలజం. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు, అంటే పోగైన మొత్తం. అది సమాకలనం (ఇంటిగ్రేషన్). లక్ష క్యూసెక్కులు రోజంతా ఒకేలా వస్తే 8.64 టీఎంసీలని గుణకారంతో తేలిపోతుంది. కానీ వరద ఒకేలా రాదు. పొద్దున 80 వేలు ఉన్నది రాత్రికి 2 లక్షలు కావచ్చు. అప్పుడు రోజును చిన్నచిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో వచ్చిన నీటిని కలుపుకుంటూ పోవాలి. డ్యామ్‌లోకి వచ్చే నీరు తగ్గుతూ తగ్గుతూ కిందికి వదిలే నీటితో సమానమైన క్షణాన నీటిమట్టం పెరగడం ఆగుతుంది. పుస్తకంలో గరిష్ఠ విలువ దగ్గర అవకలజం సున్నా అని ఉండేది దీని గురించే.

అసలు ఈ లెక్కలు పుట్టిందే ఇలాంటి అవసరాల నుంచి. గ్రహం రోజుకు సగటున ఎంత కదులుతుందన్నది చాలక, ఆ క్షణాన ఎంత వేగంతో పోతోందో కావాలనుకున్నాడు 12వ శతాబ్దపు భాస్కరాచార్యుడు. దాన్నే తాత్కాలిక గతి అన్నాడు.

తర్వాత మా అన్నయ్య కూతురికి శ్రీశైలం లెక్క ఇచ్చాను. 885 అడుగుల పూర్తి మట్టం దగ్గర నిల్వ సుమారు 215.8 టీఎంసీలు, అరడుగు కిందికి వస్తే 212.9. అరడుగుకే 2.9 టీఎంసీలు. కాసేపు కాగితం మీద భాగించి, "అక్కడ నీళ్లు 540 చదరపు కిలోమీటర్ల దాకా పరుచుకుని ఉండాలి బాబాయ్" అంది. నిల్వకు అవకలజం నీటి విస్తీర్ణమేనని నేను చెప్పలేదు.