చివరి రోజున వచ్చినవాళ్ళం

ఇంటర్నెట్‌లో ఇరవై ఏళ్ళకు పైగా నడిచిన మా అభిమానుల చర్చా వేదిక గత ఆదివారం అర్ధరాత్రి మూతపడింది. అది ఏ ధారావాహిక కోసం పుట్టిందో ఇక్కడ చెప్పదలచుకోలేదు. చెబితే కింద వచ్చే వ్యాఖ్యలన్నీ ఆ ధారావాహిక ముగింపు బాగుందా, చెడిందా అన్న పాత తగవు మీదకే పోతాయని ఇన్నేళ్ళ అనుభవంతో నాకు తెలుసు. మూసివేత గురించి మూడు నెలల ముందే ప్రకటన వచ్చింది. చివరి వారంలో వీడ్కోలు కోసం తెరిచిన చర్చలో నాలుగు వందలకు పైగా సందేశాలు వచ్చాయి. అంతకు ముందు రెండేళ్ళలో వేదిక మొత్తం మీద వచ్చినవి కలిపినా అన్ని ఉండవు. నేను వాటన్నిటినీ వరుసగా కూర్చుని చదివాను. చదువుతున్నకొద్దీ నాకు దుఃఖం కన్నా సిగ్గే ఎక్కువ కలిగింది, ఆ సిగ్గు గురించే ఈ పోస్టు.

దాదాపు అందరం ఒకే మాట రాశాం. ఇది మా రెండో ఇల్లు అన్నాం, ఇక్కడ దొరికిన స్నేహాలు ఇంకెక్కడా దొరకలేదు అన్నాం, ఇది లేని లోకాన్ని ఊహించలేకపోతున్నాం అన్నాం. అయితే ఆ పాతకాలపు సాఫ్ట్‌వేర్‌కు ఒక మొహమాటం లేని అలవాటు ఉంది. ప్రతి సందేశం పక్కన ఆ సభ్యుడు ఎప్పుడు చేరాడో, మొత్తం ఎన్ని సందేశాలు రాశాడో చూపిస్తుంది. పేరు మీద నొక్కితే అతని పాత సందేశాలన్నీ తేదీలతో సహా బయటపడతాయి. ఊహించలేకపోతున్నాను అన్న ఒకరి ముందటి సందేశం 2013 నాటిది. కన్నీళ్ళు ఆగడం లేదన్న మరొకరిది 2015. నేను రాసిన వీడ్కోలు అందరికంటే పొడుగైనది, దానికి ముందు నేను రాసిన సందేశం 2017 నాటిది. బతికుండగా పలకరించనివాళ్ళు పోయాక పాడె మోయడానికి పోటీపడ్డట్టుగా ఉంది మా వరస.

ఇలాంటి వేదిక తనంతట తాను నడవదు. నడిపేవారు పక్కకు తప్పుకునేదాకా ఆ సంగతి మిగతావాళ్ళ కంట పడదు. మా వేదికకు పెద్ద దిక్కు ఒకే ఒకాయన. వయసులో ఆయనకంటే పెద్దవాళ్ళు కూడా ఆయనను అన్నయ్య అనే పిలిచేవారు. వేదిక వెబ్ చిరునామాను, అంటే డొమైన్ పేరును, ఏటా పునరుద్ధరించడం, సర్వర్ అద్దె కట్టడం, సాఫ్ట్‌వేర్‌ను తాజాగా ఉంచడం, తగవులు తీర్చడం, అన్నీ ఆయనవే. రోజూ పొద్దున్నే లేచి, రాత్రి పుట్టుకొచ్చిన నకిలీ ఖాతాలను ఏరి తీసేసేవారు. మందులమ్మే ఖాతాలు, జూదపు ఖాతాలు, అర్థం లేని అక్షరాల పేర్లతో వచ్చేవి కొన్ని రోజుల్లో వందకు మించి ఉండేవట. ఆ విషయం మాకు చివరి నెలలో మాత్రమే తెలిసింది. సర్వర్ సంస్థ, వేదిక నడిచే ప్రోగ్రామింగ్ భాషకు చెందిన పాత పీహెచ్‌పీ వెర్షన్‌ను నిలిపివేసినప్పుడల్లా వేదిక కూలిపోయే పరిస్థితి వచ్చేది. ఒకసారి ఆయన మూడు రాత్రులు మేలుకుని అంతటినీ కొత్త వెర్షన్‌కు మార్చారు. నాలుగో రోజు మేము వేసిన మొదటి ప్రశ్న, బొమ్మల వరసలో నవ్వే మొహం పసుపు రంగు ఎందుకు మారింది అని. ఆ ప్రశ్న అడిగిన ముగ్గురిలో నేనొకణ్ణి.

ఇటీవల ఆ పని ఇంకా బరువెక్కింది. కృత్రిమ మేధ సంస్థల కోసం పేజీలను తోడుకుపోయే యంత్రాలు చిన్న చిన్న వేదికల మీద కూడా పడుతున్నాయి. పదిమంది మనుషులు చదువుతున్న చోట వేలకొద్దీ అభ్యర్థనలు వచ్చి సర్వర్ చతికిలపడుతోంది. బ్రిటన్‌లోనైతే 2025 మార్చిలో ఆన్‌లైన్ భద్రతా చట్టం కింద కొత్త బాధ్యతలు అమల్లోకి వచ్చినప్పుడు, ఆ నియమాల ప్రకారం ప్రమాద అంచనాలు రాసే ఓపికా, తేడా వస్తే పడే జరిమానాను తట్టుకునే శక్తీ లేక, కొన్ని చిన్న వేదికలు తమంతట తామే తలుపులు వేసుకున్నాయి. జీతం లేని ఒక మనిషి సాయంత్రాలు మిగుల్చుకుని చేసే పనికి ఇంత బరువు ఎక్కువే.

మరి మేము ఏమి చేశాం? 2012లో అన్నయ్య మొదటిసారి, ఎంతో ఇబ్బంది పడుతూ, ఖర్చులకు తలా కొంత ఇవ్వగలరా అని అడిగారు. అప్పటికి సభ్యుల సంఖ్య ఆరు వేలు దాటింది. ఇచ్చినవాళ్ళు పదకొండుగురు. అయితే ఆ ప్రకటన కింద నడిచిన చర్చ మాత్రం పద్నాలుగు పేజీలు సాగింది. విరాళాలు తీసుకుంటే వేదిక స్వభావం మారిపోతుందా, ప్రకటనలు పెడితే అభిమానాన్ని అమ్ముకున్నట్టవుతుందా, లెక్కలు ఎవరికి చూపాలి అంటూ ఎవరికి తోచిన సిద్ధాంతం వారు చెప్పారు. ప్రకటనలకు వ్యతిరేకంగా నేను రాసిన వ్యాసానికి చాలా మెచ్చుకోళ్ళు వచ్చాయి. ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ చదివితే వాదన ఇప్పటికీ గట్టిగానే ఉందనిపించింది. ఒక్క పైసా ఇవ్వకుండా ఆ వాదన చేశానన్న సంగతి మాత్రం ఆ పేజీలో ఎక్కడా లేదు. పదిమంది చేతిలో పాము చావదు అంటారు, మేము ఆరు వేల మందిమి.

ఆ తర్వాత మేము పోట్లాడుకునీ విడిపోలేదు, అలిగీ వెళ్ళలేదు. ఒకరి తర్వాత ఒకరం ఫేస్‌బుక్ గ్రూపులకు, అక్కడి నుంచి వాట్సాప్‌కు, ఆ తర్వాత గుంపు చాటింగ్ యాప్ డిస్కార్డ్‌కు జరిగిపోయాం. అక్కడ జవాబు నిమిషంలో వస్తుంది, బొమ్మ పెట్టడం తేలిక, కుర్రవాళ్ళు అక్కడే ఉన్నారు. ఆ సౌకర్యాలను తక్కువచేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు, నేనూ రోజూ వాడుతున్నాను. కానీ అక్కడి మాట ప్రవాహంలా సాగిపోతుంది, నిన్నటిది ఇవాళ ఎవరికీ కనబడదు. వేదికలో అలా కాదు. ధారావాహిక రెండో భాగంలో గోడ మీద కనిపించే గడియారం ఆగిపోయి ఉందా, దర్శకుడు కావాలనే ఆపాడా అన్న చర్చను 2006లో ఒకరు మొదలుపెట్టారు. రెండేళ్ళు అది మూలపడింది. కొత్తగా చేరిన ఒకామె దాన్ని తవ్వి పైకి తెచ్చి, ఆ గడియారం మరో మూడు సన్నివేశాల్లో కూడా అదే సమయం చూపిస్తోందని రాసింది. మళ్ళీ అణగింది. 2015లో మరొకరు ఆ నాలుగు సన్నివేశాలనూ పక్కపక్కన పేర్చి, అవన్నీ ఒకే రోజు చిత్రీకరించి ఉంటారని నీడలను బట్టి వాదించారు. ఒకరినొకరు ఎన్నడూ చూడని ముగ్గురు తొమ్మిదేళ్ళ వ్యవధిలో కలిసి రాసిన ఒక వ్యాసం అది. డిస్కార్డ్‌లో ఆ గడియారం ప్రశ్న నెలకు రెండుసార్లు వస్తుంది, ప్రతిసారీ మొదటి నుంచి మొదలై పదో సందేశం దగ్గర ఆగిపోతుంది.

ఇలాంటి మూసివేతలు కొత్తవి కావు. జియోసిటీస్‌లో లక్షలాది మంది తమ ఇష్టాల కోసం కట్టుకున్న పేజీలను యాహూ 2009 అక్టోబరులో తీసివేసింది. 2001లో మొదలైన యాహూ గ్రూప్స్‌లోని పాత సందేశాలనూ దస్త్రాలనూ తొలగిస్తామని 2019లో ప్రకటించింది, 2020 డిసెంబరు 15న ఆ సేవనే పూర్తిగా ఆపేసింది. గూగుల్ వారి సామాజిక మాధ్యమం ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న ముగిసింది, అక్కడ కనీసం బహిరంగ చర్చల ప్రతిని కొంతకాలం చదువుకోనిచ్చారు. సినిమా సమాచార సైటు ఐఎండీబీలోని సందేశ ఫలకాలకు 2017 ఫిబ్రవరిలో దక్కిన గడువు రెండు వారాల పైచిలుకు మాత్రమే. అదే ఏడాది ఫోటోబకెట్ సంస్థ, తమ దగ్గర దాచిన బొమ్మలను ఇతర చోట్ల చూపించాలంటే ఏడాదికి 399 డాలర్ల పథకం తీసుకోవాలని మెలిక పెట్టింది. దాంతో మా వేదికలోనే వందలాది చర్చల్లో బొమ్మలున్న చోట బూడిదరంగు చతురస్రాలు మిగిలాయి. గడియారం చర్చలోని మొదటి మూడు బొమ్మలు అలాగే పోయాయి. 2013లో ఉన్న వెబ్ పేజీలలో 38 శాతం పదేళ్ళు తిరిగేసరికి తెరుచుకోవడం లేదని అమెరికాలోని ప్యూ పరిశోధన కేంద్రం 2024లో తేల్చింది.

ఇవన్నీ చూసిన మనకు ఒక అలవాటు పడిపోయింది. ఎక్కడ ఏది మూతపడినా ఏదో ఒక పెద్ద కంపెనీ దురాశ వల్లనే అనుకుని, తిట్టి, తేలికపడతాం. పైన చెప్పిన వాటిలో ఆ తిట్లు చాలావరకు న్యాయమైనవే. మా విషయంలో తిట్టడానికి కంపెనీ లేదు. వేదిక మాది, సర్వర్ అద్దె మాది, అలసిపోయిన మనిషి కూడా మావాడే.

ఇలా కాకుండా చేసినవాళ్ళూ ఉన్నారు. 2007లో బ్లాగులు రాసుకునే సైటు లైవ్‌జర్నల్ హెచ్చరిక లేకుండా వందలాది ఖాతాలను నిలిపివేసినప్పుడు, తమకు నచ్చిన పాత్రలతో అభిమాన కథలు రాసేవాళ్ళు కొందరు ఇక పరాయి సర్వర్ల దయ మీద బతకకూడదని తీర్మానించుకుని, అదే ఏడాది లాభాపేక్ష లేని సంస్థను పెట్టుకున్నారు. ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ అన్న వారి భాండాగారం 2009లో అందరికీ తెరుచుకుంది, 2019లో వైజ్ఞానిక కల్పనా సాహిత్యానికిచ్చే హ్యూగో పురస్కారం అందుకుంది. నాకు ఆ పురస్కారం కన్నా వారి మరో ఏర్పాటు గొప్పదనిపిస్తుంది. నడపలేక మూతపడబోతున్న పాత అభిమాన కథల సంకలనాలను తమలోకి చేర్చుకోవడానికి వారు ప్రత్యేకంగా ఒక విభాగాన్నే నడుపుతున్నారు. అంటే పెద్ద దిక్కు అలసిపోతే ఏమిటన్న ప్రశ్నకు జవాబు ముందే రాసి పెట్టుకున్నారు. పని పంచుకునే స్వచ్ఛంద సేవకులు, ఎన్నికైన కార్యవర్గం, బహిరంగంగా పెట్టిన జమాఖర్చులు ఉన్నాయి. 2012లో మేము పద్నాలుగు పేజీల చర్చలో ఎగతాళి చేసినవి సరిగ్గా ఇవే.

అన్నయ్య తప్పు కూడా ఉంది, అది రాయకపోతే ఈ పోస్టు భజన అవుతుంది. ఆయన తాళాలు ఎవరికీ ఇవ్వలేదు. ముగ్గురు మోడరేటర్లు ఉన్నా వారికి సందేశాలు తొలగించే అధికారమే తప్ప సర్వర్ పాస్‌వర్డ్ తెలియదు. 2016లో ఇద్దరు సాయం చేస్తామని ముందుకు వస్తే, ఫరవాలేదు, నేను చూసుకుంటాను అన్నారు. ఆ మాటలో ఔదార్యం ఎంత ఉందో పట్టుదలా అంతే ఉందని నా అనుమానం. తన చేతుల మీద పెరిగినదాన్ని ఇంకొకరి చేతిలో పెట్టడం ఎవరికైనా కష్టమే. అయితే ఒక్కరి మీద ఆనిన పందిరి ఆ ఒక్కరు కూలబడినప్పుడు ఎలా ఉంటుందో ఆయనకు మాకంటే ముందే తెలిసి ఉండాలి.

మూసివేత ప్రకటన వచ్చాక అంతా భద్రపరచాలని అందరికంటే గట్టిగా అరిచింది నేనే. ఒక్క అక్షరం పోకూడదు, సభ్యులు ఒకరికొకరు విడిగా పంపుకున్న వ్యక్తిగత సందేశాలతో సహా మొత్తం దించుకుని ఎక్కడైనా పెట్టాలి అన్నాను. అన్నయ్య ఒప్పుకోలేదు. ఇక్కడికి పదిహేనేళ్ళ వయసులో వచ్చినవాళ్ళు ఉన్నారు, ఇంట్లో చెప్పుకోలేని సంగతులు ఒకరికొకరు చెప్పుకున్నారు, వాటిని దాచే హక్కు మనకు ఎక్కడిది అని అడిగారు. నాకు కోపం వచ్చింది. ఆ కోపంలోనే నా 2007 నాటి సందేశాలు తెరిచాను. కొత్తగా చేరిన ఒకామెను, సందేహం అమాయకంగా అడిగినందుకు, నేను నలుగురి ముందు వెటకారం చేసిన తీరు అక్కడ ఉంది. ఆమె ఆ తర్వాత ఒక్క సందేశం కూడా రాయలేదు. పేజీ మూసేసి, నా అభ్యంతరాన్ని వెనక్కి తీసుకుంటున్నానని అన్నయ్యకు రాశాను. చివరికి ఆయన నిర్ణయమే నిలిచింది. బహిరంగ చర్చలు మాత్రం చదవడానికి వీలుగా ఒక ప్రతిలో ఉంటాయి, వ్యక్తిగత సందేశాలన్నీ చెరిపేస్తారు, తన రాతలు తీసేయమని ఎవరు అడిగినా మూడు నెలల్లో తీసేస్తారు. చనిపోయిన సభ్యుల విషయం వచ్చినప్పుడు మాత్రం ఎవరమూ తేల్చి చెప్పలేకపోయాం. వారిలో ఒకరి ప్రతి సందేశం కింద మిగతాది రేపు అన్న సంతకపు వాక్యం ఉండేది. వాటిని ఉన్నవి ఉన్నట్టే ఉంచారు.

ఆదివారం రాత్రి పదకొండున్నరకు, ఇప్పుడు లోపల ఉన్నవారు అన్న వరుసలో నూట తొంభై పేర్లు కనిపించాయి. అంతమంది ఒకేసారి ఉండటం చివరి భాగం ప్రసారమైన రాత్రి తర్వాత మళ్ళీ జరగలేదు. పన్నెండుకు రెండు నిమిషాల ముందు అన్నయ్య ఒక సందేశం పెట్టారు. వీడ్కోలు మాటలు ఏవీ లేవు. గడియారం చర్చలో పోయిన మూడు బొమ్మలూ తన పాత కంప్యూటర్‌లో దొరికాయని, వాటిని తిరిగి అతికించానని, ప్రతిలో అవి కనిపిస్తాయని రాశారు. దాని కింద జవాబు రాయడం మొదలుపెట్టాను. పంపబోయే సమయానికి పేజీ తెరుచుకోలేదు.

మర్నాడు ఆయనకు విడిగా ఉత్తరం రాసి, ఆ ప్రతి ఉన్న డొమైన్ పేరుకు గడువు ఎప్పటితో తీరుతుందో అడిగాను. వచ్చే నెల అన్నారు. ఎంత అవుతుందో కూడా అడిగి, వద్దంటున్నా వినకుండా అయిదేళ్ళకు కట్టాను. పాస్‌వర్డ్ కూడా అడిగాను, ఇంకా ఇవ్వలేదు.